మొదట నొక్కిన చేయి

తునికిబండ, చండ్రుగొండ మండలం
డిసెంబరు 3, 2024

తమ్ముడు జాషువాకు అక్క తబితా రాస్తున్నది. నువ్వు క్షేమమని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మా ఊళ్లో ఫోను పలకాలంటే నీళ్ల ట్యాంకు కిందికి పోవాలి. అక్కడ ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. నేను పొద్దున మాట్లాడింది మధ్యాహ్నానికి నా వంటింట్లోకే తిరిగివస్తుంది. కంప్యూటర్‌లో రాసి పంపుదామంటే నా అనుమానమే దాని మీద. అందుకే కవరుకు నాలుగు పక్కలా టేపు వేసి కొత్తగూడెం బస్సు డ్రైవరన్న చేతికిచ్చాను. టేపు ఊడదీసినట్టుంటే నాకు చెప్పు.

మా ముందు గదిలో నడుపుతున్న దరఖాస్తుల సెంటర్ కంప్యూటర్ ఈమధ్య ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. మానిటర్ మీద మాత్రం బొమ్మ ఉండదు. 'నో సిగ్నల్' అని రాసి కాసేపు అటూ ఇటూ తేలి, నల్లబడిపోతుంది. చలికి వణుకుతూ తండాల నుంచి నడిచొచ్చిన వాళ్లు అరుగు మీద కూర్చుని నా మొహం చూస్తుంటారు. రేషన్ కార్డులు, పింఛన్లు, బడి దరఖాస్తులు అన్నీ దాంతోనే కదా.

ఇంకో మాట. నీకు చెప్పలేదు గానీ, మీ బావ చెల్లెలు సువర్ణ వేంసూరులో భర్తతో పడలేక మా దగ్గరికి వచ్చేసింది. కూతురు పద్మప్రియను వాళ్లు పంపలేదు. పెద్దమనుషులు కూర్చుని తేల్చేదాకా తల్లీబిడ్డలు కలవొద్దన్నారు, మాట్లాడుకోవద్దన్నారట. మీ బావ సరేనన్నాడు. ఆమె వచ్చినందుకు నాకేం కష్టం లేదు. కానీ తమ్ముడూ, నేను నొక్కితే రాని బొమ్మ ఆమె నొక్కితే వస్తున్నది. ఒకసారి కాదు, చాలాసార్లు. నేను పొయ్యి దగ్గరికి పోయి తిరిగొచ్చేసరికి బొమ్మ ముందు కూర్చుని, "వచ్చింది వదినా" అంటుంది. ఏం చేశావంటే, "ఏం చేయలే, నొక్కిన" అంటుంది. నొక్కితే నాకెందుకు రాదు?

నువ్వు మాత్రం రావద్దు. నువ్వొస్తే ఆమె జాగ్రత్తపడుతుంది. ఏం చూడాలో రాయి, నేనే చూస్తాను.

మీ అక్క,
తబితా

కొత్తగూడెం
డిసెంబరు 6, 2024

అక్కా, వందనాలు.

టేపు భద్రంగా ఉంది. దాన్ని ఊడదీయడానికి నాకే కత్తి కావాల్సి వచ్చింది. డ్రైవరన్న అయితే, "ఏంది తమ్మీ, గిండ్ల బంగారమున్నదా?" అని అడిగాడు.

రమ్మన్నా ఇప్పుడు రాలేను. ఏడాది చివర కదా, మా షాపు ఓనరు ఆఫీసుల మిషన్లన్నీ నా నెత్తిన పెట్టాడు. కాబట్టి చెప్పినట్టు చెయ్యి. 'నో సిగ్నల్' అని రాసిందంటే మానిటర్ బాగానే ఉన్నట్టు. సీపీయూ డబ్బా నుంచి దానికి బొమ్మ అందడం లేదు, అంతే. ముందు వెనక వైరు రెండు వైపులా పీకి గట్టిగా పెట్టు. అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీసేసి, డబ్బా బాగా చల్లబడేదాకా వదిలేసి, మళ్లీ పెట్టు. బీప్ అని కూత వినిపిస్తుందా? పక్క రేకు ఎవరైనా తీశారా? స్క్రూలు అన్నీ ఉన్నాయా?

సువర్ణక్క గురించి నేనేం అనను. మీ పెళ్లిలో నాకు రెండుసార్లు పాయసం వడ్డించిన మనిషిగానే గుర్తు.

బావను అడిగానని చెప్పు.
జాషువా

తునికిబండ
డిసెంబరు 11, 2024

తమ్ముడికి,

నువ్వు అడగబట్టి తెలిసింది. పక్క రేకుకు స్క్రూ ఒకటి లేదు! రెండోది కూడా వదులుగా ఉంది. ఎవరో తెరిచారు. మీ బావకు స్క్రూడ్రైవర్ అంటే తన ట్రాలీ ఆటోకే తప్ప ఇంట్లో దేనికీ పట్టే అలవాటు లేదు. ఇక మిగిలింది ఎవరు?

వైరు పీకి పెట్టాను. ప్లగ్గు తీసి చల్లబడనిచ్చాను. రాలేదు. మళ్లీ తీసి, ఇంకా ఎక్కువసేపు ఆగాను. రాలేదు. విసుగొచ్చి ఫ్యాను తిరుగుతుండగానే వదిలేసి పిండి పట్టించుకురావడానికి పోయాను. తిరిగొస్తే సువర్ణ బొమ్మ ముందుంది. కూత మాట అడిగావు, కూత లేదు, ఏమీ లేదు.

ఇంకొకటి విను. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను జనాల ఫోన్లు పట్టుకుని ఓటీపీల కోసం ట్యాంకు దగ్గరికి పోతాను. ఆ సమయంలో ఒక్కోరోజు ఆమె సెంటర్ తలుపు వేసుకుంటున్నది. పోయిన బుధవారం నేను కాస్త ముందు తిరిగొచ్చాను. తలుపు అవతల నవ్వు వినిపించింది. తర్వాత గుసగుస. తలుపు కొడితే లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తెరిచి, "ఊడుస్తున్న వదినా" అంది. చేతిలో చీపురు లేదు. మెడలో మాత్రం నా హెడ్‌ఫోన్ వేలాడుతున్నది.

మొగుడిని వదిలి వచ్చిన మనిషి తలుపేసుకుని ఎవరితో నవ్వుతుంది? మీ బావకు చెబుదామంటే నోరు రావడం లేదు. ఆయనకు కోపం వస్తే చెయ్యి ముందు లేస్తుంది. కానీ ఒక్కటి నిజం. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆ డబ్బా పనిచేయకూడదు, నేను బయటికి పోయాక పనిచేయాలి. అలా ఎవరో దాన్ని చేసి పెట్టుకున్నారు. అలా చేయొచ్చా? నీకు తెలిసే ఉంటుంది.

తబితా

కొత్తగూడెం
డిసెంబరు 14, 2024

అక్కా,

స్క్రూ పోయిందంటే తెరిచిన మాట నిజమే. లోపల ర్యామ్ అని వేలెడు పలక ఉంటుంది. దాన్ని కాస్త కదిపితే చాలు, ఫ్యాను తిరుగుతుంది గానీ బొమ్మ రాదు. కావాలని చేయాలంటే చేయొచ్చు. చేశారని మాత్రం నేను అనడం లేదు.

నువ్వు కరెంటు తీసేసి రేకు విప్పు. ఆ పలక రెండు చివర్లా ఉన్న పిన్నులు వెనక్కి నెట్టి పైకి లాగు. బంగారు రంగు అంచును పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమని చప్పుడయ్యేదాకా మళ్లీ నొక్కు. ఇదయ్యాక గదికి తాళం వేసుకో. రెండు రోజులు ఎవరినీ ముట్టనివ్వకు. అప్పుడు తప్పు ఎక్కడుందో తేలుతుంది.

తొందరలో రాస్తున్నాను. బయట నాలుగు మిషన్లు నోరు తెరుచుకుని ఉన్నాయి.

జాషువా

తునికిబండ
డిసెంబరు 20, 2024

తమ్ముడూ,

సువర్ణ వెళ్లిపోయింది. నేనే పొమ్మన్నాను. ముందు జరిగింది విను.

నువ్వు చెప్పినట్టు పలక తీసి రబ్బరుతో రుద్దాను. వెంటనే నొక్కితే రాలేదు, కాసేపు తంటాలు పడ్డాక వచ్చింది. నాకెంత సంతోషమైందంటే, తాళం వేసి చెవి నడుముకు దోపుకున్నాను. బుధవారం ట్యాంకు నుంచి వచ్చేసరికి తాళం తీసి ఉంది! ఆమె లోపలి నుంచి వస్తున్నది. మీ బావ దగ్గర రెండో చెవి ఉంటుంది, దూలం మీద పెడతాడు, అది తీసుకుంది. తెల్లారి చూద్దామనుకున్నాను.

తెల్లారితే గురుకుల బడి పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు. తండా నుంచి రూప్లి తన కూతురి కాగితాలు పట్టుకుని చీకటితోనే వచ్చి కూర్చుంది. చేను పని మానుకుని వచ్చింది పాపం. నొక్కాను. నో సిగ్నల్. ప్లగ్గు తీశాను, చల్లబడనిచ్చాను, పెట్టాను. నో సిగ్నల్. అలా ఎన్నిసార్లో. రూప్లి నా చేతుల వంకే చూస్తుంది.

అప్పుడు సువర్ణ వచ్చి, "ప్లగ్గు పీకకు వదినా, జరంత సేపు నడవనియ్యి. నేనొక్కపాలి నొక్కి చూస్త" అని చెయ్యి పెట్టబోయింది. నేను ఆ చెయ్యి తోసేశాను.

"నిన్న నువ్వు చెడగొడితివి, ఇయ్యాల నువ్వే బాగుచేస్తవా? ఎవనితోని మాట్లాడనీకె ఇదంత చేస్తున్నవ్? పో, నా ఇంట్లకెల్లి పో!" అన్నాను. అరుగు మీద అందరూ విన్నారు.

ఆమె మొహం ఎలా అయిందో నేను రాయలేను. "గంత మాట అన్నవా?" అంది. అంతే. ఎవరితో మాట్లాడుతున్నదో అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. సంచి సర్దుకుని బస్సెక్కింది. రూప్లి కూడా కాగితాలు కొంగున కట్టుకుని అదే బస్సు ఎక్కింది. ఆ పిల్ల చదువు నా వల్ల పోయిందని రెండు రోజులుగా నాకు అన్నం దిగడం లేదు.

మీ బావ ఇల్లంతా తిరుగుతున్నాడు, నాతో మాట్లాడడు. సువర్ణ ఎక్కడికి పోయి ఉంటుందో నీకేమైనా తెలిస్తే చెప్పు.

తబితా

కొత్తగూడెం
డిసెంబరు 22, 2024

అక్కా,

రూప్లి కూతురి దరఖాస్తు చేజారలేదు. అదే రోజు మధ్యాహ్నం పడింది. ఆ విషయంలో నువ్వు బాధపడకు. అన్నం తిను.

ఒక్క ప్రశ్న. ఇది నేను మొదటి ఉత్తరంలోనే అడగాల్సింది. ఆమె నొక్కినప్పుడు డబ్బా అంతకుముందే కాసేపు నడిచి ఉందా, లేక చల్లగా ఉందా? ఆలోచించి రాయి. ఊహించి రాయకు.

జాషువా

తునికిబండ
డిసెంబరు 24, 2024

జాషువాకు,

దరఖాస్తు పడిందని నీకెవరు చెప్పారు? రూప్లి నాకే ఇంకా చెప్పలేదు. నువ్వు ఆ రోజు ఎవరిని చూశావు? సువర్ణ ఎక్కడుందని అడిగితే దానికి జవాబు లేదు. డబ్బా చల్లగా ఉందా వేడిగా ఉందా అని నన్నే ఎదురు అడుగుతున్నావు. నువ్వు కూడా ఆమె పక్షమే అయితే ఆ మాట తిన్నగా రాయి. నా ఇంట్లో ఏం జరుగుతున్నదో నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది.

రేపు పండుగ. గుమ్మానికి నక్షత్రం కట్టలేదు. మీ బావ కట్టడు, నాకు చేతులు రావు.

తబితా

కొత్తగూడెం
డిసెంబరు 27, 2024

అక్కా,

నీకు కోపం రావడం న్యాయమే. చెప్పొద్దని ఆమె నాతో ఒట్టు వేయించుకుంది. నిన్న ఆ ఒట్టు నుంచి విడిపించమని అడిగాను. "నీ ఇష్టం" అంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లు మా షాపు మెట్లెక్కారు. ముందు సువర్ణక్క, వెనక రూప్లి. సువర్ణక్క తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "ముందుగాల ఈమె బిడ్డ పని చేయి తమ్మీ, ఇయ్యాల ఆఖరు" అంది. దరఖాస్తు పూర్తయి, రూప్లి బస్సెక్కాకనే కుర్చీలో కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు మా చర్చి వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఉంటున్నది. అక్కడ వంటలో సాయం చేస్తున్నది.

ఆమె మాట్లాడింది ఎవరితోనో కూడా చెప్పింది. తన బిడ్డతో. వేంసూరులో నిర్మలాదేవి అనే టీచరు ఉన్నారు. బుధవారం మధ్యాహ్నం పద్మప్రియను పక్కకు పిలిచి తన ఫోన్‌లో వీడియో కలుపుతారు. మీ ఊళ్లో ఫోన్ పలకదు, వైరు నెట్ ఉన్నది ఒక్క నీ కంప్యూటర్‌కే. నీకెందుకు చెప్పలేదని అడిగాను. "వదినకు చెప్తే అన్నకు చెప్తది. అన్న పెద్దమనుషులకు మాట ఇచ్చిండు, బందు పెడ్తడు" అంది. నువ్వు ఆమెను అనుమానించావు, ఆమె నిన్ను. ఒక్క ఇంట్లో ఉండి.

ఇక డబ్బా సంగతి. నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. నువ్వు ఎప్పుడూ చలికి బిగుసుకున్న డబ్బాను నొక్కుతున్నావు. ఆమె నొక్కేసరికి అది నువ్వు వదిలేసి పోయినందువల్ల నడిచి, వేడెక్కి ఉంటుంది. లోపల కరెంటు పంచే పెట్టె ముసలిదైతే అలాగే చేస్తుంది. చల్లగా ఉంటే ఫ్యాను తిప్పే బలమే ఉంటుంది, బొమ్మ తెచ్చే బలం ఉండదు. ప్లగ్గు తీసి చల్లబడనివ్వమని నేనే రాశాను. అంటే ఆ రోజు అది అస్సలు రాకుండా చేసింది మనిద్దరమే.

నా మాట కూడా నమ్మకు, నువ్వే చూడు. పొద్దున్నే నొక్కు. రాకపోతే ప్లగ్గు ముట్టుకోకు. అలాగే నడవనిచ్చి, ఇల్లు ఊడ్చుకుని రా. అప్పుడు ఆపి, వెంటనే మళ్లీ నొక్కు.

జాషువా

తునికిబండ
జనవరి 2, 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మొదట నమ్మలేదు. ఆమె ఏడ్చి నిన్ను మెత్తబరిచిందనే అనుకున్నాను. ఎలాగైనా నీ మాట తప్పని చూపించాలని మరునాడు పొద్దున్నే నొక్కాను. నో సిగ్నల్. వదిలేసి వాకిలి ఊడ్చాను, కల్లాపి చల్లాను. వచ్చి, ఆపి, నొక్కాను. బొమ్మ వచ్చింది.

గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఆ బొమ్మ రాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

ఆ మరునాడూ అంతే. మొదట రాలేదు, తర్వాత వచ్చింది. మీ బావను కూర్చోబెట్టి చూపించాను. చూసి, "స్క్రూ నేనే పోగొట్టిన. లోపట చీమలు పట్టినయని రేకు ఇప్పి, టైర్లకు గాలి కొట్టే పంపుతోని దుమ్ము ఊదిన. నువ్వు లొల్లి చేస్తవని చెప్పలే" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బుధవారం నేను ట్యాంకు దగ్గరికి పోలేదు. తలుపు తీసే ఉంచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అన్నాల వేళ దాటాక అది మోగింది. ఎత్తితే తెర నిండా పిల్ల మొహం. ముందు నవ్వి, నన్ను చూసి ఆ నవ్వు ఆపేసింది. పోయిన బుధవారం కూడా చేసి ఉంటుంది. పండుగ రోజు అది. నేను గదికి తాళం వేసి చర్చికి పోయాను.

"అత్తా, అమ్మ ఏది?" అంది.

"కొత్తగూడెం పోయింది బిడ్డా."

"ఎందుకు పోయింది? నాకు చెప్పలేదుగా."

"నేను పొమ్మంటె పోయింది" అన్నాను. పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. టీచరమ్మ ఫోను అందుకుని, "మీరు ఎవరికైనా చెప్తారా అండీ?" అని భయంగా అడిగింది. చెబుతానన్నాను. ముందు పిల్ల మేనమామకు చెబుతానన్నాను.

ఆ సాయంత్రమే చెప్పాను. మీ బావ లేచి నిలబడ్డాడు. నేను భయపడ్డాను. ఆయన వాకిట్లోకి పోయి ట్రాలీకి ఆనుకుని నిలబడి, "నా చెల్లె దొంగతనంగ బిడ్డను చూసుకునెటట్టు చేసిన" అన్నాడు. రేపు పాస్టరు గారిని తీసుకుని వేంసూరు పోతున్నాం. నేనూ పోతున్నాను.

సువర్ణకు నా మాటగా ఏమీ చెప్పకు. నీతో చెప్పించుకుంటే అది నా మాట కాదు.

తబితా

కొత్తగూడెం
జనవరి 5, 2025

అక్కా,

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించలేదు. డబ్బా తప్పు ఎక్కడుందో నీకు తెలిసిందని, పద్మప్రియ ఫోన్ చేసిందని, నువ్వు ఎత్తావని మాత్రం చెప్పాను. కూరగాయలు కోస్తున్నది. కత్తిపీట పక్కన పెట్టి, "బిడ్డ ఏమన్నది?" అని అడిగింది. పొమ్మన్నది నువ్వేనని పిల్లకు దాచకుండా చెప్పావని చెబితే కాసేపు నా మొహమే చూసింది, నిజమో కాదో అన్నట్టు. నమ్మిందో లేదో నాకు తెలియదు.

కొత్త పవర్ పెట్టె డ్రైవరన్న చేతికి పంపుతున్నాను. ఎలా బిగించాలో బావకు ఫోన్‌లో చెబుతాను. ట్యాంకు కింద అందరూ విన్నా పర్వాలేదు కదా ఇప్పుడు? వేంసూరు సంగతి వెంటనే రాయి.

జాషువా

తునికిబండ
జనవరి 20, 2025

తమ్ముడికి,

పెట్టె బిగించాం. ఈ చలిలో కూడా మొదటిసారికే బొమ్మ వస్తున్నది. మీ బావ రోజూ పొద్దున్నే నొక్కి చూసి పోతున్నాడు.

నిన్న కొత్తగూడెం వచ్చి నిన్ను కలవకుండానే పోయామని నొచ్చుకోకు. ఎందుకో రాస్తాను.

వేంసూరులో మొదటిసారి మమ్మల్ని గడప దాటనివ్వలేదు. రెండోసారి నిర్మలాదేవి టీచరు తానుగా వచ్చి పెద్దమనుషుల ముందు నిలబడింది. పిల్ల తరగతిలో ఎలా ముడుచుకుని కూర్చుంటున్నదో చెప్పింది. మీ బావ కూడా, "నేను ఇచ్చిన మాట నేనే తీసుకుంటున్న. తల్లి బిడ్డను చూడొద్దంటే గా పంచాయితీల నేను లేను" అన్నాడు. చాలా మాటలయ్యాయి. చివరికి నెలకో ఆదివారం పిల్లను తల్లి దగ్గరికి తెచ్చి, సాయంత్రానికి దించాలని ఒప్పుకున్నారు. ఫోనుకు అడ్డులేదు. మిగతాది ఇంకా తేలలేదు, ఎప్పుడు తేలుతుందో తెలియదు.

నిన్న పద్మప్రియను మేమే తెచ్చాం. దారిలో కిటికీ వైపే చూసింది. హాస్టల్ గేటు కనబడగానే మీ బావ చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. సువర్ణ వంటగది నుంచి వచ్చి అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఆ ఇద్దరినీ చూసి మీ బావ గేటు బయటికి పోయాడు. నేను పోలేకపోయాను, ముందుకీ రాలేకపోయాను.

చాలాసేపటికి సువర్ణ లేచి నా దగ్గరికి వచ్చింది. మాటలన్నీ నేను బస్సులో కూర్చుకుని వచ్చాను. నోరు తెరవకముందే ఆమె అడిగింది.

"వదినా, ఒక్కటి అడుగుత. నన్ను నమ్మి బిడ్డను తెచ్చినవా, డబ్బా బాగయిందని తెచ్చినవా?"

తమ్ముడూ, నమ్మి తెచ్చానని అనొచ్చు. పిల్ల వింటున్నది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"డబ్బా సంగతి తెలిసినంకనే. తెల్వకపోతే ఇప్పటికి కూడ నిన్నే అనేదాన్ని" అన్నాను.

ఆమె "అబద్ధం చెప్పలే" అంది. మా ఇంటికి వస్తానని అనలేదు. నేనూ రమ్మని అడగలేదు. లోపలికి పోయి రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చింది. ఒకటి బిడ్డకు. రెండోది నా చేతికిచ్చి, "అన్న ఎటు పోయిండు, పిలువు" అంది. పిలవడానికి గేటు దాకా పోయాను. కంచం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడితే, మీ బావ చూసి తనే వచ్చాడు.

సాయంత్రం బస్సుకు పిల్లను తిరిగి తీసుకుపోవాలి. నీ దగ్గరికి వస్తే ఆ కాస్త సమయం తల్లీబిడ్డలకు తగ్గుతుంది. అందుకే రాలేదు.

ఈ కవరుకు టేపు వేయలేదు.

అక్క,
తబితా